గల్ఫ్ నుంచి ఇంటికి ఫోన్: నిమిషం ధర ఒక్కటే చూస్తే ఎలా?

దుబాయ్ నుంచి వాట్సాప్‌లో మెసేజ్ వెళ్తుంది, ఫొటో వెళ్తుంది, వాయిస్ నోట్ కూడా వెళ్తుంది. కాల్ మాత్రం కలవదు. జగిత్యాల నుంచో సిరిసిల్ల నుంచో కొత్తగా వెళ్లిన కుర్రాడికి మొదటి వారంలోనే ఈ సంగతి తెలిసొస్తుంది. అనుమతి లేని ఇంటర్నెట్ కాల్స్‌ను యూఏఈ అడ్డుకుంటుంది. బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్‌లే దిక్కు, వాటికి మళ్లీ విడిగా ప్యాక్. 2018 మొదట్లో అక్కడి టెలికాం కంపెనీ ఎతిసలాత్ ఆ ప్యాక్ తెచ్చినప్పుడు దాని ధర నెలకు 50 దిర్హమ్‌లు. కువైట్‌లో ఉన్న కడప, కోనసీమ వాళ్లకు ఈ తిప్పలు లేవు, అక్కడ వాట్సాప్ కాల్ కలుస్తుంది.

రూమ్‌లో పాతవాళ్లు చెప్పే మొదటి చిట్కా వీపీఎన్, అంటే మనం ఎక్కడున్నామో దాచి, అడ్డుకున్న కాల్‌ను కూడా కలిపే యాప్. ఆ 50 దిర్హమ్‌లు మిగిలే మాట నిజమే. కానీ 2021 నాటి అక్కడి సైబర్ చట్టం ప్రకారం వీపీఎన్‌ను నేరానికి వాడితే జరిమానా 5 లక్షల దిర్హమ్‌ల దగ్గర మొదలవుతుంది. అమ్మతో మాట్లాడినందుకు అంత వేస్తారా అని నవ్వేవాళ్లున్నారు. వేయకపోవచ్చు. ఊళ్లో అప్పు నెత్తిన పెట్టుకుని వచ్చినవాడు ఆ పందెం కాయడం ఎందుకన్నదే నా ప్రశ్న.

'నిమిషం ఎంత?' అని అడగడం మనకు, ముందే డబ్బు కట్టి కొనుక్కునే కాలింగ్ కార్డుల నాటి అలవాటు. ఆ కార్డుల మీద నిమిషాలు పెద్ద అక్షరాల్లో ఉండేవి. కనెక్షన్ చార్జీ, వారం వారం కోసుకునే మెయింటెనెన్స్ ఫీజు మాత్రం భూతద్దం పెట్టి వెతుక్కోవాలి. ప్రకటించినన్ని నిమిషాలు ఇవ్వడం లేదని అమెరికాలో వినియోగదారుల తరఫున నిలిచే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2008లో ఇలాంటి కంపెనీల మీద కోర్టుకే వెళ్లింది. కార్డు పోయి యాప్ వచ్చినా, చిన్న అక్షరాలు చదవాల్సిన పని తప్పలేదు.

అయితే అసలు లెక్క ఫోన్ చేసేవాడి దగ్గర తేలదు. ఇంటి దగ్గర ఫోన్ ఎత్తే మనిషి దగ్గర తేలుతుంది. మన దేశంలో 2003 మే నుంచి మొబైల్‌కు ఇన్‌కమింగ్ ఉచితం. 2018 చివర్లో కంపెనీలు కనీస రీచార్జ్ షరతు పెట్టాక ఆ ఉచితానికి గడువు తేదీ వచ్చిపడింది. అమ్మ ఫోన్‌లో ప్యాక్ అయిపోతే, కొడుకు దుబాయ్‌లో ఎంత చవక ప్లాన్ తీసుకున్నా కొన్నాళ్లకు కాల్ మోగదు. పైగా ఆమెది బటన్ ఫోన్ అయితే బోటిమ్ దండగ. నేరుగా ఇండియా నంబర్‌కు కలిసే ఇంటర్నేషనల్ నిమిషాల ప్యాకే తీసుకోవాలి, అది చూడ్డానికి ఖరీదుగా కనిపించినా సరే. ఇటువైపు డేటా లేకుండా కాల్స్, ఎస్ఎమ్మెస్‌లకు మాత్రమే ప్యాక్‌లు ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబర్‌లో కంపెనీలను ఆదేశించింది. రీచార్జ్ కొట్టు దగ్గర మనం అడగనిదే వాటి పేరు ఎత్తేవాళ్లు తక్కువ.

మరీ కారుచవకగా దొరికే కాల్స్ సంగతి వేరు. విదేశం నుంచి వచ్చే కాల్‌ను మన నంబర్‌కు కలిపినందుకు ఇక్కడి కంపెనీకి నిమిషానికి కొంత ముట్టాలి. 2020 మే నుంచి అది 35 నుంచి 65 పైసల మధ్య. అది ఎగ్గొట్టడానికి దొంగదారి పట్టినవాళ్లు కాల్‌ను ఇంటర్నెట్ మీద తెచ్చి, ఒకేసారి బోలెడు సిమ్‌లు పట్టే సిమ్ బాక్స్ అనే పరికరంలో గుచ్చిన లోకల్ సిమ్‌ల మీదుగా దాటిస్తారు. ఇలాంటి అక్రమ ఎక్స్ఛేంజీలు హైదరాబాద్‌లోనూ పోలీసులకు దొరికాయి. కొడుకు చేసిన కాల్ ఎవరిదో లోకల్ నంబర్‌తో మోగుతుంది. డిజిటల్ అరెస్ట్ మోసాల వార్తలు విని విని టెన్షన్ పడే పెద్దవాళ్లు, తెలియని నంబర్ అనగానే కట్ చేస్తున్నారు. వాళ్లను తప్పుపట్టలేం.

అందుకే ఏ ప్లానైనా ముందు చిన్న మొత్తంతో ఒక్క కాల్ చేసి చూడాలంటాను. ఫోన్ ఎత్తగానే 'ఏ నంబర్ పడింది?' అని అడగాలి. ఆ తర్వాత 'నీ రీచార్జ్ ఎప్పటిదాకా ఉంది?' అని అడిగి, ఆ తేదీని అక్కడి క్యాలెండర్ మీద రాసుకోవాలి.