దండం ఒక్కటే, అర్థాలు మాత్రం మూడు
ఎమోజీకి భాషతో పనిలేదు, ఎవరు చూసినా ఒకటే అర్థం అని ఒక వ్యాసంలో చదివిన మాట సగమే ఒప్పుకోవచ్చు. వరంగల్‌లో ఏ ఇంటి వాట్సాప్ గ్రూపైనా తీసి చూడండి: అదే దండం బొమ్మ పొద్దుగాల నమస్తే, పనైనంక థ్యాంక్స్, ఎవరన్నా పోయిన్రంటే నివాళి. అర్థం బొమ్మలో లేదు, దాని పైన ఉన్న మెసేజ్‌లో ఉంది. ఇంకోటి, మనం పంపేది అసలు బొమ్మ కాదు, యూనికోడ్ నంబరు (ప్రతి అక్షరానికీ, ఎమోజీకీ ప్రపంచమంతా వాడే గుర్తింపు నంబరు). అవతలి ఫోన్ ఆ నంబరుకు తన ఫాంట్‌లో ఉన్న బొమ్మ చూపిస్తుంది, లేకపోతే ఖాళీ డబ్బా. 2021లో చేరిన తామరపువ్వు అప్‌డేట్ లేని పాత ఫోన్లలో అట్లనే కనపడుతుంది. బతుకమ్మకు ఇంకో తిప్పలు, కావాల్సిన పూల ఎమోజీలే లేవు. తంగేడు లేదు, గునుగు అసలే లేదు. పసుపు పువ్వు, పొద్దుతిరుగుడు, మందారం వరుసగా పేర్చి సరిపెట్టుకోవాలి (చూడ ముచ్చటగానే ఉంటది లెండి). మామూలు ఎస్సెమ్మెస్‌లో మాత్రం జాగ్రత్త. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఒక మెసేజ్‌కు 160 అక్షరాలు పడతాయి; ఒక్క ఎమోజీ చేరిందా, హద్దు 70కి పడిపోతుంది, ఆ ఎమోజీయే మామూలుగా రెండక్షరాల చోటు తింటుంది. 100 అక్షరాల మాట రెండు మెసేజ్‌లై, ప్యాక్ లేకుంటే రెండింటికీ బాలెన్స్ కట్. తెలుగు లిపికి ముందునుంచే 70 కాబట్టి, అందులో పోయేది ఆ రెండక్షరాల చోటే.