బంగారం సరే, రామగిరి సంగతి ఏమిటి?

2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బంగారు బ్లాకులను వేలానికి పెట్టినప్పుడు ఉమ్మడి అనంతపురం జిల్లాలోని రామగిరి పేరు మళ్లీ వినిపించింది. భూమిలో ఎంత బంగారం ఉందన్న లెక్కలు ఎలాగూ వేస్తారు. గని మూతపడిన మర్నాడు ఊరు ఎలా బతకాలన్నది లీజుకు ముందే తేలాలి.

ఎందుకంటే రామగిరి ఈ దెబ్బ ఇదివరకే తిన్నది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తెల్లదొరల కంపెనీలు ఇక్కడ తవ్వి, 1920ల్లో వదిలేసి పోయాయి. తర్వాత కోలార్ గనులు నడిపిన భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ యెప్పమాన గనిలో పనిచేయించింది. 2001లో కోలార్‌తోపాటే అదీ మూతపడింది.

టన్ను రాయిని పిండిచేసి సైనైడ్ ద్రావణంలో నానబెడితే దక్కే బంగారం కొన్ని గ్రాములే. మిగిలిన పొడి అంతా ఊరి పక్కన కుప్పలుగా మిగులుతుంది; ఎండాకాలం గాలికి లేచేది అదే. పంపులు ఆగాయంటే ఊటనీరు సొరంగాలను ముంచేస్తుంది. ఆ తర్వాత గనిని మళ్లీ తెరవాలంటే తడిసి మోపెడవుతుంది. కాబట్టి మూసివేత ఉత్తర్వును తాత్కాలికమనుకోవడానికి వీల్లేదు.

బొగ్గు ఊరు ఇల్లెందు కథ వేరు. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఆ ప్రాంతంలో బొగ్గు కనుగొన్నాడు, 1889లో ఉత్పత్తి మొదలైంది. కాలక్రమంలో సింగరేణి కేంద్రం కొత్తగూడేనికి మారింది. అయినా గోదావరి లోయ పొడవునా గనులున్న సంస్థ కనుక, ఒకచోట బొగ్గు తరిగితే కార్మికుడిని మరోచోటికి బదిలీ చేయగలిగింది. రామగిరి కార్మికుడికి ఆ వెసులుబాటు ఎక్కడిది? కోలార్ కూడా అప్పుడే మూతపడింది కదా!

గని మూసివేత ప్రణాళికను తప్పనిసరి చేసిన నిబంధనలు 2003లో వచ్చాయి, అంటే రామగిరి మూతపడ్డ రెండేళ్లకు. నేటికీ బొగ్గేతర ఖనిజాలకు ఆర్థిక హామీని, అంటే మూసివేత పనులకు పూచీగా గని యజమాని చూపాల్సిన సొమ్మును, హెక్టార్ల లెక్కన కడుతున్నారు. భూగర్భ గని పైన ఆక్రమించే నేల తక్కువ, దాని మీద బతికే కుటుంబాలు ఎక్కువ. ఇది అన్యాయమైన కొలత. బొగ్గు గనులకు 2009 నుంచే మూసివేత నిధిని ఎస్క్రో ఖాతాలో, అంటే ఆ పనికి తప్ప సొమ్ము తీయడానికి వీల్లేని ఖాతాలో, ఏటా జమచేసే పద్ధతి ఉంది. రామగిరి లీజులోనూ అలాంటి ఖాతా ఉండాలి. అందులో కార్మికుల పునరుపాధికి, పొడికుప్పలను మట్టితో కప్పడానికి, తాగునీటి పరీక్షలకు వేర్వేరుగా వాటాలు రాయాలి. జమ తొలి ఏడాది నుంచే మొదలుకావాలి.