పీట కోసం పటాటోపం

ఇంట్లో వడ్రంగం షెడ్డు ఎందుకు పెట్టుకుంటారని కొందరు అమాయకులు అడుగుతుంటారు. కుర్చీలు, బల్లలు చేసుకోవడానికని వాళ్ల ఊహ. ఆఫీసులున్నది ప్రజల పని కోసమని నమ్మే కాలంలో పెరిగినవాళ్లు కాబట్టి వాళ్లను తప్పుపట్టను. నాలుగేళ్ల అనుభవం మీద చెబుతున్నాను: షెడ్డు పెట్టుకునేది షెడ్డులోని సామాను సర్దుకోవడానికి. సర్దడానికి అరలు కావాలి, అరలు చేయడానికి సామాను కావాలి, ఆ సామాను పెట్టడానికి మళ్లీ అరలు కావాలి. ఇంత నిండు వ్యవస్థలో కుర్చీకి చోటెక్కడిది?

మా ఇంట్లో ఈ వ్యవహారం పీటతో మొదలైంది. నేను రిటైరైన నెలకు మా ఆవిడ, "ఏవండీ, దేవుడి దగ్గర కూర్చోడానికి చిన్న పీట చేసిపెట్టకూడదూ? కింద కూర్చుంటే లేవలేకపోతున్నా" అంది. ఒక పలక, దాని కింద రెండు అడ్డపట్టీలు. అంతే పీట. కానీ నేను ఖాతాల శాఖలో 32 ఏళ్లు చేసినవాణ్ని. ముందు మౌలిక వసతులు, పని సంగతి తర్వాత. స్కూటర్ పెట్టుకునే రేకుల షెడ్డు లోంచి స్కూటర్ని ఎండలోకి సాగనంపాను. రంపం, చిత్రిక, మూడు ఉలులు, మూలమట్టం, డ్రిల్లు కొన్నాను. బెజవాడ వానాకాలపు తేమలో ఇనుమును నేల మీద పడేస్తే తుప్పు, చెక్కను పడేస్తే చెదలు. కాబట్టి పీట కంటే ముందు బీరువా.

గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని, పిల్లి పాలకని ఆవును, ఆవును చూసుకోవడానికని పెళ్లాన్ని తెచ్చుకున్న సన్యాసి కథ మనవాళ్లు హెచ్చరికగా చెబుతారు. కౌపీన సంరక్షణార్థం అయం పటాటోపః అని నవ్వుతారు. శ్రద్ధగా చదివితే అది చక్కని ప్రాజెక్టు రిపోర్టు. చివరికి గోచీ భద్రంగానే ఉంది కదా, మరి విఫలమైందెక్కడ?

బీరువాకు ప్లైవుడ్ తెచ్చాను. 8×4 షీటు, అంటే 32 చదరపు అడుగులు, 18 మిల్లీమీటర్ల మందం, బరువు 30 కిలోల పైమాటే. అంత షీటును నేల మీద పెట్టి కోయలేం కాబట్టి, కోయడానికో బల్ల చేశాను. బల్ల కింద జాగా వృథా పోతోందని సొరుగులు పెట్టాలనుకున్నాను. ఇక్కడ ఛానళ్ల శాస్త్రం కొంచెం చెప్పాలి. సొరుగు జారే ఇనుప ఛానల్‌కు ఒక్కో పక్క అరంగుళం వదలాలి. నా అర లోవెడల్పు 16 అంగుళాలు. రెండు పక్కలకు అంగుళం పోతే 15. లెక్కల మనిషిని కదా, ముందు పలక, వెనక పలక సరిగ్గా 15 అంగుళాలకు కోశాను. వాటికి రెండు పక్కలా 12 మిల్లీమీటర్ల పలకలు బిగించాను. ఇనుప సామాను బరువుకు ఆగాలని అడుక్కు కూడా 12 మిల్లీమీటర్లదే వేసి, ఫెవికోల్ పూసి, మరలు బిగించి, ఒక రాత్రి ఆరబెట్టాను. పొద్దున చూస్తే సొరుగు అరలో అచ్చుగుద్దినట్టు దూరింది. ఛానళ్లకే చోటు లేదు. పక్క పలకల మందం, రెండు కలిపి 24 మిల్లీమీటర్లు, లెక్కలో వేయడం మరిచాను. నా సర్వీసులో ఆడిట్ వాళ్లు ఒక్క పైసా తేడా పట్టుకోలేదు. ఆ తేడాలన్నీ నా కోసం ఇక్కడ దాక్కుని ఉన్నాయి కాబోలు.

ఆ సొరుగుకు ఏడో నంబరు వేసి మూల పెట్టాను. పారేయలేదు. చెక్కపని చేసేవాడు ఏదీ పారేయడు. అరచేతంత ముక్క మిగిలినా "ఎప్పుడో పనికొస్తుంది" అంటూ దాస్తాడు. ఆ ఎప్పుడోను భద్రపరచడానికి చక్రాల పెట్టె చేశాను. అది చేయగా మిగిలిన ముక్కలు అందులో పట్టలేదు.

తర్వాత గోడ. వీడియోల్లో అమెరికావాళ్లు ఫ్రెంచ్ క్లీట్ అని ఒకటి చూపిస్తారు. పట్టీని 45 డిగ్రీల వాలుగా నిలువునా రెండుగా చీల్చి, సగం గోడకు, సగం అరకు బిగిస్తారు. ఒకదాని మీద ఒకటి కొక్కెంలా కూర్చుంటుంది. నిజంగా అందమైన ఉపాయం, వ్యంగ్యం పక్కనపెట్టి చెబుతున్నాను. అయితే వాళ్ల గోడలో 16 అంగుళాలకో కర్ర నిలబడి ఉంటుంది, మర నేరుగా దానిలోకి దిగుతుంది. మనది తొమ్మిదంగుళాల ఇటుక గోడ. సుత్తిపోటు డ్రిల్లుతో బెజ్జం వేసి, రావల్ ప్లగ్గు కొట్టి, అప్పుడు మర. మూడో బెజ్జానికి గిలాబా పెచ్చు ఊడి పక్కింటి వాళ్ల పెరట్లో పడింది. మా మాటలు అప్పటినుంచీ లేవు. వాళ్లు తీసుకెళ్లిన నా సుత్తీ లేదు.

సుత్తి లేదని వెంటనే తెలిసింది. అదే మా పద్ధతి గొప్ప. పలక మీద ప్రతి పనిముట్టు చుట్టూ గీత గీసి, ఆ గీతలో రంగు నింపాను. జపాను ఫ్యాక్టరీల్లో చేసినట్టే. సెయిరి, సెయిటన్, సెయిసో, సెయికెట్సు, షిట్సుకె అని ఐదు మెట్లు. మొదటిదైన సెయిరి అంటే అక్కర్లేనివి తీసేయడం. నిజాయితీగా పాటిస్తే షెడ్డే లేచిపోయేట్టుంది కనుక నేను రెండో మెట్టు నుంచి మొదలుపెట్టాను. ఇప్పుడు గోడ మీద సుత్తి ఆకారం ఎర్రగా ఉంది, పోలీసులు సుద్దతో గీసిన శవం గీతలాగా.

చీటీలు కూడా అంటించాను. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు గానీ, ముందే పేరు పెట్టుకోకపోతే తర్వాత గొడవలే. 'టేకు మేకులు' అని ఒక సొరుగుకు రాశాను. అలాంటి మేకులు లోకంలో లేవు. చీటీ ఉంది కాబట్టి వాటికోసం వన్‌టౌన్ కొట్లన్నీ తిరిగాను. 'ఇతరములు' అన్న చీటీ ఏడో నంబరు సొరుగుకు ముందే అంటించేసి ఉన్నాను.

మా మతానికో మహర్షి ఉన్నాడు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం క్విన్సీలో పియానోలు చేసిన హెన్రీ స్టడ్లీ (1838–1925). గోడకు తగిలించే ఒక్క చెక్కపెట్టెలో దాదాపు 300 పనిముట్లు ఇమిడ్చాడు. తలుపు వెనక తలుపు, పలక వెనక పలక, ప్రతిదానికీ కొలిచి చెక్కిన గూడు. ఫొటో చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాను. ఆయనలో నాకు కనబడ్డ లోపం ఒక్కటే, పియానోలు కూడా చేశాడు.

మరోపక్క కొండపల్లి. మా ఇంటికి 20 కిలోమీటర్లు కూడా లేదు. అక్కడివాళ్లు తెల్లపొణికి చెక్కను తరతరాలుగా బొమ్మలుగా చెక్కుతున్నారు. నేలమీద కూర్చుని, బాడిస, ఉలి, ఆకురాయి పక్కన పెట్టుకుని. రంపపు పొట్టును పట్టడానికి నేను వ్యాక్యూమ్ క్లీనర్, గొట్టం, ప్లాస్టిక్ డ్రమ్ము బిగించాను. వాళ్లు అదే పొట్టును చింతగింజల పొడితో కలిపి మక్కు చేసి బొమ్మకు చేతులు అతికిస్తారు. ఇంతటి వెనకబాటుతనం చూసి జాలేసింది. వాళ్లకు ఫ్రెంచ్ క్లీట్ గురించి చెప్పేవాళ్లే లేరు.

ఇంట్లో నా ఖర్చుల్ని ప్రణాళికా వ్యయం, ప్రణాళికేతర వ్యయం అని విడగొట్టి రాస్తాను. కేంద్రం ఆ తేడాను 2017-18 బడ్జెట్ నుంచి ఎత్తేసింది, తొందరపడ్డారు. నా పద్దులో ఇప్పటికి 11 షీట్లున్నాయి. పదకొండూ ప్రణాళికేతరమే. ప్రణాళిక కింద 'పీట' అని ఉంది, ఎదురుగా సున్నా.

పోయిన శ్రావణంలో వంటింటి తలుపు నెమ్ముకి ఉబ్బి పడకుండా పోయింది. నేను చిత్రిక తీయబోతే, దాని గూడుకు తాళం, తాళంచెవులున్న పెట్టె మూడో వరసలో, దాని ముందు బల్ల. మా ఆవిడ మేస్త్రీని పిలిచింది. ఆయన భుజాన గోనెసంచి. దించి గలగలా కుమ్మరించాడు, చిత్రిక ఏరుకున్నాడు, అంచు నాలుగు పట్లు పట్టాడు, తలుపు పడింది. కాఫీ తాగుతూ షెడ్డులోకి తొంగిచూసి చాలాసేపు నిలబడ్డాడు.

"కొట్టు బాగుంది సారూ. ఎప్పుడు తెరుస్తున్నారు?" అన్నాడు.

ఇంకా రెండు అరలు కావాలన్నాను. ఆయన గౌరవంగా తలాడించాడు.

ఆ శుక్రవారం పొద్దున దేవుడి గదిలోకి చూస్తే మా ఆవిడ హాయిగా, నేలకు ఐదంగుళాల ఎత్తున కూర్చుని లలితా సహస్రనామం చదువుకుంటోంది. కింద ఏడో నంబరు సొరుగు, బోర్లించి ఉంది. 12 మిల్లీమీటర్ల అడుగు పలక కిర్రుమనలేదు. ముందు వైపు చీటీ అలాగే ఉంది, తలకిందులుగా: ఇతరములు.

నేను నోరు తెరవబోయేంతలో చెయ్యెత్తి ఆపి, శ్లోకం పూర్తిచేసి, "బాగా కుదిరిందండీ" అంది.

ఇంత పొగడ్త ఈ నాలుగేళ్లలో విన్లేదు. షెడ్డులోకి వచ్చి మూల చూస్తే ఏడో నంబరు ఉండాల్సిన చోటు ఖాళీ. దాని చుట్టూ ఎర్రగీత ఉంది. 12వ షీటుకు ఫోన్ చేశాను.