వంతెన ఊగుతోందంటే వినాలి

2025 జులై 9 ఉదయం గుజరాత్‌లో మహీసాగర్ నది మీది గంభీరా వంతెన ఒకచోట తెగి పడింది. దాని మీదున్న వాహనాలు నీళ్లలోకి జారిపోయాయి. ఇరవై మంది దాకా చనిపోయారు. విరిగిన అంచున ఒక ట్యాంకర్ రోజుల తరబడి అలాగే నిలిచిపోయింది. ఆ వంతెన వాడకంలోకి వచ్చింది 1985లో. కాంక్రీటుకు నలభై ఏళ్లంటే ముసలితనమేమీ కాదు. వంతెన ప్రమాదంలో ఉందని 2022లోనే అక్కడి జిల్లా పంచాయతీ సభ్యుడొకరు అధికారులకు మొరపెట్టుకున్నారు. అయినా లారీలు తిరుగుతూనే ఉన్నాయి. మనుషులు పోయాక నలుగురు ఇంజినీర్లను సస్పెండ్ చేశారు, రాష్ట్రమంతా తనిఖీలు చేయించి పదుల కొద్దీ వంతెనల మీద రాకపోకలు ఆపారు. కొద్ది వారాల్లో తేలిపోయిన ఆ లోపాలు అంతకుముందు ఎవరికీ కనపడలేదంటే ఎలా నమ్మాలి?

మన దగ్గర ఏదైనా పాత వంతెన మీద కాసేపు ఆగి చూడండి. వాననీరు పోవాల్సిన గొట్టాలు మట్టితో పూడుకుపోయి ఉంటాయి. స్లాబుల మధ్య జాయింటులో రబ్బరు ఊడిపోయి, ఆ సందులో రావిమొక్క మొలిచి ఉంటుంది. వాన పడితే నీరు అందులోంచే దిగి స్లాబు కింది దూలాల (గడ్డర్ల) కొసలనూ, వాటిని మోసే బేరింగులనూ తడుపుతుంది. లోపలి ఊచలు తుప్పుపట్టి ఉబ్బుతాయి. ఆ ఉబ్బుకే కాంక్రీటు పెచ్చులుగా రాలుతుంది. ఆ మట్టి తీయడానికి ఒక మనిషి, ఒక పూట చాలు. అదీ జరగడం లేదు.

కంటికి కనపడనివీ ఉంటాయి. జర్మనీలో డ్రెస్డెన్ నగరపు కరోలా వంతెనలో కొంత భాగం 2024 సెప్టెంబరు 11 తెల్లవారుజామున కూలింది. కాంక్రీటు లోపల బిగించిన ఉక్కు తీగలు ఏళ్లుగా చిట్లుతూ వచ్చాయి. చివరి ట్రామ్ అప్పటికే దాటిపోవడంతో ప్రాణాలు దక్కాయి. తీగ తెగే చప్పుడును పట్టే సెన్సర్లు ఇప్పుడున్నాయి. పాత వంతెనల్లో ముఖ్యమైనవాటికైనా అవి పెట్టాలి.

కానీ సెన్సర్ హెచ్చరించాక వంతెన మూసేదెవరు? మూస్తే జనం చుట్టూ తిరిగిపోవాలి, బస్సులు ఆగిపోతాయి, పైనుంచి ఫోన్లు మొదలవుతాయి. ఆ టెన్షన్‌కే చాలా రిపోర్టులు ఫైళ్లలో ఉండిపోతున్నాయి. ప్రమాదం ఉందని తేల్చిన ఇంజినీరు ఎవరి అనుమతీ అడక్కుండా అదే సాయంత్రం రాకపోకలు ఆపేలా ప్రభుత్వాలు రాతపూర్వకంగా అధికారం ఇవ్వాలని మేం కోరుతున్నాం. చివరి తనిఖీ తేదీ, మోయగల బరువు వంతెన మొదట్లోనే బోర్డు మీద తెలుగులో రాయాలి. ఈ రెండు పనులకూ పెద్దగా డబ్బు అక్కర్లేదు. వచ్చే వానాకాలానికి ముందే చేయొచ్చు.