మత్తడి ఎత్తే చెరువు హద్దు

హైదరాబాద్ చెరువుల కబ్జాకు నాయకులే కారణమని ఒక వ్యాసంలో చదివాను. నిజమే. కానీ కబ్జా ఎలా చేస్తారో తెలియకపోతే మనం ఎవరిని, ఏమని నిలదీస్తాం?

చెరువు నిండితే నీళ్లు పొర్లి బయటికి పోయే కట్టడం మత్తడి. ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్, నిండుమట్టం) అంటే ఆ మత్తడి పైఅంచు ఎత్తు. ఆ ఎత్తులో నీళ్లు ఎంతదాకా పరుచుకుంటే అదంతా చెరువే. అందుకే కబ్జాదారులు ముందు మత్తడికి గండి కొడతారు, లేదంటే తూము తెరిచి వదిలేస్తారు. నీళ్లు వెనక్కి పోయి శిఖం భూమి, అంటే చెరువు లోపలి నేల, తేలుతుంది. రాత్రిపూట టిప్పర్లలో కూల్చిన ఇళ్ల పెళ్లలు తెచ్చి పోస్తారు, పైన ఎర్రమట్టి పరుస్తారు, సున్నంతో ప్లాట్ల గీతలు గీస్తారు. శిఖం పట్టా ఉందని చూపిస్తారు. ఆ పట్టా నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకోవడానికే, ఇల్లు కట్టడానికి కాదు.

10 హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ అవతల 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు బఫర్‌గా, అంటే ఏమీ కట్టకుండా ఖాళీగా, వదలాలి. కొనేముందు హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చెరువుల మ్యాపులో సర్వే నంబరు వెతకండి. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల సెప్టెంబరు, అక్టోబరు చిత్రాలు చూడండి, నీళ్లు తగ్గి ఉండే ఎండాకాలం చిత్రాన్ని నమ్మొద్దు. రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన కట్టడానికి అనుమతి వచ్చినట్టు కాదు.

మనవి గొలుసుకట్టు చెరువులు. పైచెరువు మత్తడి దూకితే నీళ్లు నాలాగుండా కిందిచెరువుకు చేరాలి. ఆ నాలా మీద గోడ లేస్తే 2020 అక్టోబరు వరదల్లో లాగా కాలనీలే చెరువులవుతాయి. గోడ కట్టేవాణ్ని అడిగితే పక్కింటివాళ్లే "మీకెందుకండీ" అంటున్నారు. నన్ను ఎక్కువ భయపెడుతున్నది ఆ మాటే.