ఆటో స్టార్టర్ల ఊరికి బ్యాటరీ పాఠాలు

విద్యుత్ పంపిణీ ప్రణాళికల్లో ఇప్పుడు రెండు మాటలు బాగా వినిపిస్తున్నాయి: ఒకటి వాడకపు వేళల్లో వెసులుబాటు, రెండోది బ్యాటరీ నిల్వ. ఏడాదిలో కొద్ది గంటలే తాకే గరిష్ఠ డిమాండు కోసం కొత్త తీగలు లాగి, కొత్త ట్రాన్స్‌ఫార్మర్లు బిగించే బదులు, ఆ వాడకాన్ని కొంచెం ముందుకో వెనక్కో జరిపినా, ముందే నింపి ఉంచిన బ్యాటరీతో గట్టెక్కినా చౌక అని నిపుణుల వాదన. ఓరుగల్లు ప్రాంతపు రైతుగా నా మనవి ఏమంటే, ఈ రెండూ మా దగ్గర ఎప్పటినుంచో ఉన్నాయి. కాకపోతే తిరగేసి వాడుతున్నాం.

25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద 5 హార్స్‌పవర్ మోటర్లు అయిదు నడిస్తే దాని పని నిండినట్టే. ఆరోదీ ఏడోదీ ఎలా చేరాయో అడగకూడదు. నేరుగా స్టార్టయ్యే మోటరు లేచే క్షణంలో మామూలు కన్నా అయిదారు రెట్ల కరెంటు లాగుతుంది. పోయిన కరెంటు తిరిగి వచ్చిన మరుక్షణం, రైతులు ఇళ్లలో నిద్రపోతుండగానే, ఆటో స్టార్టర్ల పుణ్యమా అని యాసంగి పొలాల్లోని మోటర్లన్నీ ఒక్కుమ్మడిగా లేస్తాయి. ఇంతటి ఐకమత్యాన్ని ఫ్యూజు మాత్రం ఓర్వలేదు. 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల ఉచిత కరెంటు ఇస్తూ, ఇక ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం కోరింది. ఒకప్పుడు అర్ధరాత్రి వచ్చే కరెంటు నేర్పిన అలవాటు జీవోలకు లొంగుతుందా?

ఇక నిల్వ సంగతి. హనుమకొండ, కాజీపేట ఇళ్లలో మెట్ల కింద కాపురముండే ఇన్వర్టర్ బ్యాటరీలు కరెంటు పోయినప్పుడు యజమాని ఫ్యానుకే సేవ చేస్తాయి; తిరిగి రాగానే, సరిగ్గా ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి కరెంటు తెచ్చే లైను) తేరుకోవలసిన వేళ, ఆకలితో ఛార్జింగుకు కూర్చుంటాయి.

పాకాల, రామప్ప చెరువులున్న నేల ఇది. నాలుగు నెలల వానను ఏడాదికి సరిపెట్టడానికి కాకతీయుల కాలంలో చెరువులు కట్టారు. తూము దగ్గర నీరటికాడు ఏ మడికి ఎప్పుడు నీరు వదలాలో వంతులు వేశాడు. (అప్పట్లో కన్సల్టెంట్లు లేరు కనుక దీనికి గొప్ప పేరేదీ పెట్టలేదు.) చెరువును వాన పడినప్పుడే నింపాలని ఎవరూ ఎవరికీ నేర్పవలసి రాలేదు. మన బ్యాటరీలకు మాత్రం ఎండ కాసే వేళ సౌర విద్యుత్తుతో నిండాలని చెప్పవలసి వస్తోంది. పగలు చౌక, సాయంత్రం ప్రియం అనే ధరల పద్ధతికి కేంద్రం 2023లో నిబంధనలు తెచ్చి, వ్యవసాయాన్ని మినహాయించింది. ఉచితంగా వచ్చేదానికి చౌకేమిటి, ప్రియమేమిటి?

కాబట్టి వ్యవసాయ ట్రాన్స్‌ఫార్మర్‌కొక నీరటికాణ్ని నియమించి, ఎండ వేళల్లోనే మోటర్లకు వంతులు వేయించాలని ప్రతిపాదిస్తున్నాను. ఆయన మొదటి పని ఆటో స్టార్టర్లు ఊడదీయించడం. ఆ పని పక్క పొలం నుంచి మొదలుపెట్టాలన్నది నా సాంకేతిక అభిప్రాయం.