ఇస్తే ఊరికే ఇద్దాం, అమ్మితే కూలి కట్టి అమ్ముదాం

ఒడిశాలోని మా బరంపురంలో ఊలు స్వెటర్ అల్లేవారిని చూసి ఎవరైనా నవ్వితే నేను కోప్పడను. గోపాల్‌పూర్ సముద్రం బస్సులో కాసేపటి ప్రయాణం. ఏడాదిలో ముప్పాతిక భాగం మెడ మీద చెమట ఆరని ఊరు. సంక్రాంతికి ముందూ వెనకా కొన్ని తెల్లవారుజాములు పెద్దవాళ్లు మఫ్లరు చుట్టుకుంటారు, అంతటితో మా చలికాలం ముగుస్తుంది. అయినా మా వీధిలో బీరువా పైన ఊలు సంచి లేని ఇల్లు వెతికితే గాని దొరకదు.

ఈ అలవాటు మాకు కొండల మీది నుంచి దిగింది. కోరాపుట్ జిల్లాలో చలి నిజమైన చలి. ఒడిశాలోకెల్లా ఎత్తయిన దేవమాలి శిఖరం, 1,672 మీటర్లు, అక్కడే ఉంది. సునాబెడలో మిగ్ విమానాల ఇంజిన్లు తయారుచేసే కర్మాగారం వచ్చాక ఆ కాలనీలో దేశం నలుమూలలవారూ పక్కపక్క క్వార్టర్లలో కాపురాలు పెట్టారు. మా పెద్దమ్మ సీదా కుట్టు, ఉల్టా కుట్టు నేర్చుకున్నది ఎదురింటి పంజాబీ ఆవిడ దగ్గర. మధ్యాహ్నం ఎండపొడలో మడతకుర్చీలు వేసుకుని, ఒకరి భాష ఒకరికి సరిగా రాకుండానే, చంక ఎంత తగ్గించాలో మెడ ఎక్కడ తిప్పాలో చెప్పుకునేవారట. కొక్కెం ఉన్న ఒకే సూదితో లేసు అల్లే క్రోషే దారి వేరు. అది గోదావరి వైపు నుంచి కోడళ్లతో పాటు వచ్చింది. నరసాపురం ప్రాంతానికి ఆ లేసు పనిని 1840లలో స్కాట్లండ్ మిషనరీ దంపతులు తెచ్చారని చెబుతారు. మొత్తానికి స్వెటర్ కొండ దిగి, లేసు గోదావరి దాటి, రెండూ బరంపురంలో ఒకే సంచిలో చేరాయి.

ఈ సరదాలో కష్టం చాలానే ఉంది, ముందు అది చెప్పాలి. డబ్బు సంగతే చూడండి. చలికాలం వస్తే ఊరూరా టిబెటన్ల స్వెటర్ దుకాణాలు వెలుస్తాయి. పక్కనున్న గజపతి జిల్లా చంద్రగిరిలో 1963 నుంచి టిబెటన్ శరణార్థుల ఊళ్లున్నాయి కాబట్టి మాకు వాళ్లు కొత్త కాదు. ఆ స్వెటర్లు వాళ్లు చేత్తో అల్లినవని నమ్మేవారు ఇప్పటికీ ఉన్నారు గాని, చాలామటుకు లూధియానా యంత్రాల మీద తయారైన సరుకే. మంచి ఊలు కొని చేత్తో అల్లితే, ఊలు ఖర్చే వాళ్ల స్వెటర్ ధరను దాటిపోతుంది. అల్లిక యంత్రం ఇంగ్లండులో 1589లోనే పుట్టింది. దానితో పోటీపడి గెలుద్దామనుకునేవారు ఈ పనిలోకి రాకపోవడమే మేలు.

తరువాత సూదుల తికమక. మన దుకాణాల్లో దొరికేవి పాత బ్రిటిష్ లెక్క సూదులు. అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది: 8 నంబరు 4 మిల్లీమీటర్లు, 12 నంబరు 2.75. అమెరికాలో 8 నంబరు అంటే 5 మిల్లీమీటర్లు. అక్కడి మేనకోడలు ప్రేమగా పంపిన నమూనా చూసి ఇక్కడి 8 నంబరుతో అల్లితే, ఐదేళ్ల పిల్లవాడికని మొదలుపెట్టింది వాడి తమ్ముడికి సరిపోతుంది. తమ్ముడు లేకపోతే పక్కింటి పిల్లవాడికి. ఊలుతో ఇంకో పేచీ ఉంది. ఉండ మీది చీటీలో రంగు నంబరుతో పాటు, ఒకేసారి రంగు వేసిన ఊలుకు ఇచ్చే లాట్ నంబరు కూడా ఉంటుంది. ఒకే రంగయినా లాట్ మారితే, ట్యూబులైటు కింద తెలియని తేడా మర్నాడు ఎండలో వీపు మధ్య గీత గీసినట్టు కనిపిస్తుంది. దుకాణదారుకు ఇది చెబితే, "రంగు ఒకటే కదండీ!" అని మనల్నే వింతగా చూస్తాడు. ఇక మే నెలలో చెమట చేతులతో అక్రిలిక్ ఊలు పట్టుకుంటే అది సూది మీద జారనని మొరాయిస్తుంది.

జారకూడని చోట మాత్రం జారుతుంది. సూది మీద నూట ఇరవై కుట్లున్నాయంటే నూట ఇరవై ప్రాణాలు తెరుచుకుని ఉన్నట్టే. గుమ్మంలో కొరియరు అబ్బాయి పిలిచాడని లేచినప్పుడు ఒక్క కుట్టు జారితే అది కింది వరుసలోకి, అక్కడి నుంచి ఆ కింది వరుసలోకి దిగుతూ పోతుంది. ముందువైపు సన్నని నిచ్చెనలాంటి ఖాళీ పడుతుంది. దాన్ని సరిచేసే తీరు నాకెంతో ఇష్టం. అడుగున చిక్కిన కుట్టులోకి క్రోషే సూది దూర్చి, పైనున్న అడ్డపోగును కొక్కేనికి తగిలించి, కుట్టులోంచి ఇవతలికి లాగాలి. ఆ పై అడ్డపోగు. మళ్లీ ఆ పైది. ఊపిరి బిగబట్టి అలా ఒక్కో మెట్టూ ఎక్కించి చివరి కుట్టును సూది మీద కూర్చోబెట్టాక వేలితో తడిమి చూసినా జాడ దొరకదు. కూరలో ఉప్పు ఎక్కువైతే వెనక్కి తీయలేం. ఇక్కడ మాత్రం ఎంత తప్పునైనా విప్పవచ్చు, పోగు మళ్లీ పోగుగానే చేతికి వస్తుంది. పోయేదల్లా పొద్దే.

క్రోషేలో ఈ భయం కూడా లేదు. ఎప్పుడు చూసినా ఒకే ఒక్క కుట్టు తెరిచి ఉంటుంది. దానికి పిన్నీసు తగిలించి ఊరెళ్లి వచ్చినా పని అలాగే ఉంటుంది. పైగా నూలు దారం చెమట పీలుస్తుంది, సముద్రపు గాలికి తగిన వస్తువు. అందుకే నేను ఊలు తగ్గించి నూలులోకి వచ్చాను. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను కరెంటు తీగలన్నీ తెంపిపోయాక, ఫోనూ టీవీ లేని ఆ రోజుల్లో మా వసారాలో నలుగురం కూర్చుని పగలంతా తోరణం పూలు అల్లాం. ఇంటి కప్పులు ఎగిరిపోయినవారి గురించి మాట్లాడుకుంటూనే అల్లాం. చేతులకు పని ఉంటే భయం ఒక మెట్టు కిందనే ఆగుతుందని నాకు అప్పుడు తెలిసింది. మణికట్టు నొప్పి, మెడ పట్టేయడం ఆ తరువాతి వారం తెలిశాయి.

అల్లినవన్నీ ఏమవుతాయి? ఇది మన ఇళ్లలో ఎవరూ పైకి అనని సమస్య. ఒకప్పుడు రేడియోకు గుడ్డ, టీవీకి గుడ్డ, ఫ్రిజ్ తలుపు పిడికి గుడ్డ, సోఫా వీపుకు గుడ్డ, చివరికి టెలిఫోనుకు కూడా గుడ్డ. టీవీ పలచబడి గోడెక్కింది, గుడ్డ కూర్చోవడానికి చోటు పోయింది. టెలిఫోను జేబులోకి వెళ్లింది. గుమ్మాలు మాత్రం మిగిలాయి కాబట్టి తోరణాలు బతికాయి. ఇల్లు నిండాక బంధువుల ఇళ్లు నింపుతాం, వాళ్లవీ నిండాక అమ్మకం ఆలోచన వస్తుంది.

నా అభ్యంతరం అక్కడ మొదలవుతుంది.

"వదినా, నూలు డబ్బులు నేనిస్తాను, మా అమ్మాయి గృహప్రవేశానికి ఒక తోరణం అల్లిపెట్టవా?" ఈ మాట వినని అల్లికదారు ఉండదు. అడిగేవారిలో చెడ్డ ఉద్దేశం లేదు. ఒప్పుకునేవారిలో ఉన్నది మొహమాటం. సంఘాల పండుగ మేళాల్లో స్టాలు పెట్టినప్పుడు ఇదే మొహమాటం ధర చీటీగా మారుతుంది. నూలు ఖర్చు వేసి, పైన వందో యాభయ్యో కలిపి, "ఖాళీ సమయంలో అల్లినదే కదా, పోనీలెండి" అని కట్టబెడతాం. కొనేవారు సంతోషిస్తారు, మనం కూడా చేతిలో డబ్బు చూసి మురిసిపోతాం.

ఒక్కసారి లెక్క వేద్దాం. బల్ల మీద పరిచే ఒక మాదిరి క్రోషే గుడ్డకు రోజుకు మూడు గంటల చొప్పున నెల పట్టిందనుకోండి. 90 గంటలు. గంటకు 50 రూపాయలే కట్టినా కూలి 4,500. నూలు విడిగా. దాన్ని మనం 1,200కు అమ్మి లాభం వచ్చిందనుకుంటున్నాం. నష్టపోయింది మనమొక్కరమే అయితే నేను ఈ వ్యాసం రాసేదాన్ని కాదు, మన సరదా మన ఇష్టం. కాని ఆ 1,200 ధర గాలిలో కలిసిపోదు. కొన్నవారి మనసులో క్రోషే గుడ్డ వెల అదే అని ముద్రపడిపోతుంది. మర్నాడు ఆ పనితోనే పొయ్యి వెలిగించుకునే స్త్రీ న్యాయమైన ధర చెబితే, "మొన్న మేళాలో పన్నెండు వందలకే ఇచ్చారే!" అంటారు.

స్వెటర్‌కు యంత్రం ఉందన్నాను. క్రోషేకు లేదు. ఆ పేరుతో ఉన్న యంత్రాలు అల్లేది వేరే పద్ధతి, చూడడానికి మాత్రం దగ్గరగా ఉంటుంది. అంటే బజారులో అసలైన క్రోషే గుడ్డ చవగ్గా కనిపిస్తే, దాని వెనక ఎక్కడో ఒక మనిషి చేయి చవగ్గా పోయిందని అర్థం. నరసాపురం చరిత్ర ఇదే. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ అక్కడి లేసు స్త్రీలను దగ్గరగా చూసి 1982లో పుస్తకం వెలువరించారు. విదేశాలకు ఎగుమతయ్యే సరుకు చేస్తున్నా వాళ్లను కార్మికులుగా కాక, ఇంట్లో తీరిక వేళల్లో అల్లుకునే గృహిణులుగా లెక్కగట్టారని, కూలి అంత అడుగున ఉండిపోవడానికి ఆ లెక్క సాయపడిందని ఆమె చూపించారు. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. కాని "తీరిక వేళల పని" అన్న ఆ పాత మాటను నిజంగా తీరిక ఉన్న మనం మేళాల్లో ప్రతి ఏడూ బతికిస్తున్నాం.

మన ఊళ్లోనే ఇంకో పనిని చూడండి. బరంపురం పట్టుచీర నేసే దేవాంగుల ఇంటికి వెళ్లి, "పట్టు డబ్బులు ఇస్తాం, అంచున కుంభాలు పెట్టి ఒక చీర నేసిపెట్టండి" అని ఎవరైనా అడుగుతారా? బేరమాడతారు, అది వేరే సంగతి. మగ్గం మీద కూర్చున్నవారి రోజుకు ఒక వెల ఉందని అందరూ ఒప్పుకుంటారు. వాళ్ల కూలి కూడా చాలినంత లేదన్నది వాళ్లే చెప్పాల్సిన కథ. అయినా అక్కడ కూలి అనే మాట ఉంది. క్రోషే సూదికి ఆ మాటే లేదు.

"అంత ధర చెబితే ఎవరు కొంటారు?" అని అడుగుతారు. చాలామంది కొనరు. కొనకపోతే ముంచుకుపోయేది మనకేమీ లేదు, అదే కదా సరదా అంటే! ఇష్టమైనవారికి ఊరికే ఇద్దాం. మనవరాలికి, నేర్పిన పెద్దమ్మకు, పురుటికి వచ్చిన పక్కింటి పిల్లకు. అడిగినవారందరికీ ఇవ్వనక్కరలేదు కూడా. "ఇప్పుడు చేతిలో వేరే పని ఉందమ్మా" అనడం పాపం కాదు. అమ్మదలిస్తే మాత్రం గంటలు కలిపి అమ్ముదాం. రెండింటికీ మధ్య ఉన్న ఆ నూలు ఖర్చు ధర మాత్రం వద్దు.

మేళాలో స్టాలు పెట్టే మన సంఘం కార్యవర్గానికి నా సూచన ఇది. వచ్చే సంక్రాంతి స్టాలులో ప్రతి వస్తువు చీటీ మీద మూడు వరుసలు ఉండాలి: నూలు ఎంత, గంటలు ఎన్ని, ధర ఎంత. నరసాపురం వైపు నుంచో మరోచోటి నుంచో దీనితో బతికే స్త్రీలను పిలిచి వాళ్లకు ముందు వరుస బల్లలు ఇవ్వాలి. మన సరదా సరుకు వాళ్ల ధర కన్నా ఒక్క రూపాయి తక్కువకు పోకూడదు. ముగ్గుల పోటీ పక్కన అల్లిక నేర్పే బల్ల ఒకటి వేయాలి, దాని మీద "మహిళలకు" అని రాయకూడదు. ఐరోపాలో ఒకప్పుడు అల్లిక పనివాళ్ల సంఘాలు ప్రధానంగా మగవాళ్లవే. మన రిటైరైన మగవాళ్లకు సాయంత్రాలు బోలెడు ఖాళీ.

సూదులు నేను తెస్తాను, బ్రిటిష్ నంబర్లవి. ఊలు ఎవరిది వారే తెచ్చుకోవాలి, లాట్ నంబరు చూసుకుని.